చిత్రకళా తరగతిలో శిశుస్వాతంత్ర్యము

అమెరికాదేశపు ప్రాథమిక పాఠశాలలలో చిత్రకళా తరగతియందు ఏమి గీయవలయునో, ఏ వస్తువుతో చేయవలయునో పిల్లలే నిర్ణయించుకొను పద్ధతి యొకటి యున్నదని నేను బళ్ళారి తాలూకాలోని మోకకు వ్రాసినపుడెల్లను, మా బంధుమిత్రులు దానిని ఆ దేశపు సహజస్వభావముగా నెంచి, స్వేచ్ఛ యనునది అచ్చటి గాలిలోనే కలదనియు, మన పల్లెబడులకు అది పొసగదనియు ప్రత్యుత్తరము లిచ్చుచు వచ్చిరి. నేను నివసించుచున్న మసాచూసెట్సు రాష్ట్రపు విద్యాచరిత్రను ఓపికతో పరిశీలించినవారికి మాత్రము, ఈ స్వేచ్ఛ యిచ్చట పుట్టుకతో వచ్చినది కాదనియు, నూరేండ్లకు మించిన వాదప్రతివాదముల యనంతరము, అందును బడిపంతుళ్ళ పట్టుదలచేత, సాధింపబడినదనియు విశదము కాగలదు. హగరి యొడ్డున నున్న నా స్వగ్రామమగు మోకలోని పాఠకులకు ఆ చరిత్రను విన్నవింప వలయునని యీ వ్యాసమునకు పూనుకొంటిని.

పందొమ్మిదవ శతాబ్దిలో మసాచూసెట్సు నూలుమిల్లుల రాష్ట్రము. లోవెల్, లారెన్సు మొదలగు పట్టణములలో నదీజలముల బలముచే మగ్గములు నడచుచుండెను. బట్టను నేయగల యంత్రము లుండెను గాని, ఆ బట్టపై నద్దవలసిన పూవులకును తీగలకును నమూనాలు గీయగల నేర్పరులు మాత్రము స్వదేశమున అరుదుగా నుండిరి. 1851లో లండనునందును, 1867లో పారిసునందును జరిగిన మహాప్రదర్శనములలో ఐరోపా వస్తువుల సొగసును చూచిన బోస్టను వర్తకులకును మిల్లు యజమానులకును, చిత్తరువు గీయనేర్వని పనివారితో విపణిలో నెగ్గుట దుర్లభమని తోచెను. వారు 1869లో శాసనసభకు విజ్ఞప్తి చేసికొనిరి. మరుసటి సంవత్సరమే రేఖాలేఖనమును ప్రభుత్వ పాఠశాలలలో విధిగా బోధింపవలసిన విషయముగా జేయుచు, పదివేలకు మించిన జనసంఖ్య గల ప్రతి పట్టణమును పదునైదేండ్లు దాటినవారికి యంత్రోపయోగియగు లేఖనమును ఉచితముగా నేర్పవలయునని శాసించుచు, ఒక చట్టము వెలువడెను. ఆ చట్టము కోరినది మిల్లులకు నిపుణులైన పనివారిని. శిశువు మనస్సును గూర్చిన యాలోచన దానిని నడిపించినది కాదు.

ఈ పనిని నడపుటకై 1871లో ఇంగ్లండునందలి లీడ్సు చిత్రకళాశాలనుండి వాల్టర్ స్మిత్తను నాతని రప్పించిరి. లండనులోని సౌత్ కెన్సింగ్టన్ చిత్రకళాశాల సంప్రదాయమున పెరిగిన యాతడు క్రమశిక్షణ యెడల అచంచల విశ్వాసము గలవాడు. 1873లో ఆతని యాధ్వర్యమున ఉపాధ్యాయులకు చిత్రలేఖనము నేర్పుటకై మసాచూసెట్సు నార్మల్ ఆర్టు స్కూలు బోస్టనులో నెలకొల్పబడెను. ఆతని పద్ధతిలో బాలుడు మొదట సరళరేఖను, పిదప వక్రరేఖను, ఆపై జ్యామితీయాకృతులను, తుదకు కూజాలను, ఆకులను, అలంకారపు తీగలను అచ్చులోని ప్రతిని చూచి గీయవలయును. పంతులు నోట చెప్పుచుండగా తరగతియంతయు నేకకాలమున అదే గీతను గీయు పాఠములు గూడ నుండెను. నలుబదిమంది గీసిన నలుబది కాగితములు ఒక్కరీతిగా నున్నచో అదియే బోధనావిజయము. స్మిత్తు కృషి వలననే ధనికుల బిడ్డలకు మాత్రమే పరిమితమైన విద్య సామాన్యుల బిడ్డలకు లభించినదను సత్యమును మరువరాదు. ఐనను ఆ బిడ్డలలో ఎవరును తమకు తోచినది గీయలేదు.

ఈ కథ మనకు పరాయిది కాదు. అదే సౌత్ కెన్సింగ్టన్ వృక్షపు శాఖ యొకటి మన దేశమునకును విస్తరించెను. 1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు చెన్నపురిలో స్థాపించిన కళాశాల మొదలుకొని, మద్రాసు రాజధానిలోని లేఖనవిద్య చాలవరకు ఆంగ్లేయుల నమూనాలను అనుసరించియే నడచినది. 1953 అక్టోబరు 1వ తేదీన మన బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రములో కలిసి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు చెందినపుడు సరిహద్దు మారినది, పాలనభాష మారినది. కాని డ్రాయింగు మాస్టరు నల్లబల్లపై గీసిన మామిడిపండును పిల్లలందరును చూచి గీయుట సరిహద్దుకు ఈవలను ఆవలను మారలేదు.

మసాచూసెట్సులో ఈ యనుకరణపద్ధతి మారుటకు విత్తనమును నాటినది శిశువును పరిశీలించు శాస్త్రము. జి. స్టాన్లీ హాల్ అను మనస్తత్త్వవేత్త బోస్టను బడులలో క్రొత్తగా చేరిన పసివారిని ప్రశ్నింపజేసి, వారి మనస్సులో ఏమున్నదో 1883లో ప్రకటించెను. ఆవును, కొండను, నాగలిని ఎరుగని పట్టణపు బిడ్డలు పలువురున్నారని తేలుటతో, బోధింపబూనుటకు ముందు బిడ్డయొద్ద నున్నదేమో తెలిసికొనవలయునను వివేకము పంతుళ్ళలో బయలుదేరెను. తరువాత వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో బాలచిత్రకళా తరగతిని తెరచి, పిల్లలకు ప్రతుల నియ్యక వారి యూహనే గీయనిచ్చెను. మసాచూసెట్సులోని ఇప్స్విచ్ గ్రామమున జన్మించిన ఆర్థర్ వెస్లీ డౌ 1899లో ప్రచురించిన గ్రంథమున, ప్రకృతిని అనుకరించుట కంటె రేఖను, వెలుగునీడలను, వర్ణమును సమకూర్చుటయే విద్యార్థికి మొదట నేర్పదగినదని వాదించెను. షికాగోలో 1896లో ప్రయోగపాఠశాలను నెలకొల్పిన జాన్ డ్యూయీ, బాలుడు తనకు నిజముగా కావలసిన పనిని చేయునపుడే నేర్చుకొనునని బోధించి, 1931లో హార్వర్డునందు చేసిన యుపన్యాసములను 1934లో కళానుభవమును గూర్చిన గ్రంథముగా వెలువరించెను.

హిట్లరు దౌర్జన్యమునకు వెరచి 1938లో ఆస్ట్రియాను వీడిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అమెరికాకు వచ్చి, 1947లో ప్రకటించిన గ్రంథమున, శిశువు గీతలు వయఃక్రమమున ఏయే దశలను దాటునో వివరించి, పెద్దల యచ్చులను బిడ్డలపై రుద్దుట వారి యాత్మవిశ్వాసమును చెరచుననెను. ఆతని మాట దేశమంతట వ్యాపించెను. ఐతే ఆ మాటను పైపైన గ్రహించినవారు కొందరు, కాగితమును రంగును చేతికిచ్చి ఊరకుండుటయే స్వేచ్ఛ యని భావించిరి. ఆ తరగతులలో బాలుడు ఐదేండ్లు గడచినను కుంచెను కడుగుట యెట్లో, మట్టి పగులకుండ నతికించుట యెట్లో నేర్వలేదు. దీనికి ప్రతిక్రియగా 1980ల దశాబ్దిలో గెట్టీ సంస్థ ప్రోత్సాహమున, చిత్రరచనతోపాటు కళాచరిత్రయు, విమర్శయు, సౌందర్యశాస్త్రమును క్రమబద్ధముగా బోధింపవలయునను ఉద్యమము బయలుదేరెను. అది తెచ్చిన జ్ఞానము విలువగలదే. కాని పాఠపు పట్టిక మరల పంతులు చేతికి పోయి, బాలుని కోరిక వెనుకబడెను. శిక్షణ లేని స్వేచ్ఛయు, స్వేచ్ఛ లేని శిక్షణయు రెండును పరీక్షింపబడి, రెండును చాలవని తేలుటయే నా దృష్టిలో ఈ చరిత్ర యంతటిలోను ముఖ్యమైన యంశము.

ఆ రెంటిని సమన్వయించు పద్ధతి మసాచూసెట్సు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులనుండియే పుట్టినది. కాథరిన్ డగ్లస్ మొదలగు బడిపంతుళ్ళు పెక్కేండ్లు తమ తరగతులలో చేసి చూచిన పని, 2001లో ‘టీచింగ్ ఫర్ ఆర్టిస్టిక్ బిహేవియర్’ అను పేరిట సంఘరూపము దాల్చెను. దాని సిద్ధాంతము సులభము: బాలుడే కళాకారుడు, తరగతిగది ఆతని కార్యశాల, కళాకారులు నిజముగా ఏమి చేయుదురో అదియే పాఠ్యక్రమము. స్మిత్తు స్థాపించిన ఆ నార్మల్ ఆర్టు స్కూలే నేడు మసాచూసెట్సు కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్ అను పేర నున్నది. ప్రతిని దిద్దించుటకై యేర్పడిన యా విద్యాలయముననే, బాలుని యెంపికకు ప్రాధాన్యమిచ్చు ఉపాధ్యాయులు వేసవి శిక్షణమునకు సమావేశమైరి.

ఇట్టి తరగతి నడచు తీరు క్రమరహితము కాదు. పిల్లలు వచ్చి కూర్చుండగనే ఉపాధ్యాయురాలు ఐదారు నిమిషములలో ఒక్క మెలకువను, రెండు రంగులను కలిపి మూడవదానిని పుట్టించుటయో, మట్టిముక్కలను గీరి తడిపి అతికించుటయో, చూపి యూరకుండును. పిదప ఎవరికి తోచిన తావునకు వారు పోవుదురు: ఒక మూల రేఖాలేఖనము, ఒక మూల రంగులు, వేరొక చోట మట్టి, మరియొక చోట కాగితపు టతుకుపని, దారముతో నేతపని. వస్తువులను తీయుటయు, తుదను కడిగి యథాస్థానమున నుంచుటయు పిల్లల విధి. ఒకడు వారముల తరబడి ఒకే ఓడను కట్టుచుండును. ఒకతె నాలుగు కాగితములు చించి ఐదవదానియందు తృప్తి పొందును. పంతులమ్మ నడుమ తిరుగుచు, ఆటంకము కలిగినవారికి కావలసిన పనితనమును కావలసిన క్షణముననే నేర్పును. చేయదగినదేదో తానే యాలోచించి నిర్ణయించుట, పాడైనచో మరల మొదలిడుట, చేసినదానిని గూర్చి తోటివారికి చెప్పుకొనుట, ఇవియే ఆ తరగతిలోని పాఠములు; ఇవి కుంచె పట్టనివానికిని జీవితాంతము పనికివచ్చును.

మన తెలుగునాటను ప్రతిభను గుర్తించిన గురువులు లేకపోలేదు. రాజమహేంద్రవరపు కళాశాలకు అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహముననే దామెర్ల రామారావు, అడవి బాపిరాజు కళాపథమున నడచిరి. కాని కూల్డ్రే వంటి కన్ను దొరకినవారు ఎందరు? ప్రతిభావంతుడగు నొక యువకునికి గురుకటాక్షము లభించుట యదృష్టము. ప్రతి బిడ్డకును వారమున కొక్కగంట తన యూహకు రూపమిచ్చు నవకాశము లభించుట హక్కు. మసాచూసెట్సు చరిత్రలో నేను గౌరవించునది ఈ హక్కును.

మోకలో ఇది సాధ్యమా యని యడుగువారికి నా సమాధానము స్పష్టము. మణ్ణెత్తిన అమావాస్యనాడు మన పిల్లలు నల్లరేగడి తెచ్చి ఎద్దులను చేయుదురు గదా. ఏ పంతులు వారికి ప్రతి నిచ్చెను? ఒకని యెద్దునకు మూపురము పెద్దది, ఒకని యెద్దునకు కొమ్ములు పొడవు. వాకిట ముగ్గు పెట్టు బాలిక చుక్కల లెక్కను తల్లివద్ద నేర్చి, గీతను తన యిచ్చవచ్చినట్లు తిప్పును. శిక్షణయు స్వేచ్ఛయు అచ్చట కలిసియే యున్నవి. బడి గడప దాటగనే వానిని విడదీసితిమి. ఇక బిడ్డ తన వేగమున తాను నేర్చుటకు కన్నడనాటి ప్రభుత్వ పాఠశాలలు నలి-కలి పద్ధతిలో ఇదివరకే తావిచ్చినవి. 1995లో హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు మదనపల్లె సమీపమునగల ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రపు బడులను చూచి ప్రేరణ పొంది దాని నారంభించిరి. తెలుగుసీమ బడులను చూచి కన్నడసీమ నేర్చుకొనిన యా మంచి, రెండు భాషలును వినబడు మన సరిహద్దు గ్రామమున చిత్రకళకును వర్తింపరాదా?

ఇందులకు ధనము విశేషముగా అక్కరలేదు. రేగడిమట్టి, బొగ్గు, సుద్ద, ముగ్గుపిండి, పాత వార్తాపత్రికలు, దర్జీ యంగడిలో మిగిలిన గుడ్డపీలికలు చాలును. తరగతిలో ఏబదిమంది యున్నచో మొదట రెండు మూలలనే తెరచి, అలవాటైన కొలదిని మూడవదానిని చేర్చవచ్చును. కావున మోకలోని ప్రధానోపాధ్యాయులకును, ఎస్.డి.ఎం.సి. (పాఠశాలాభివృద్ధి పర్యవేక్షణ సమితి) సభ్యులగు తల్లిదండ్రులకును నా మనవి యిది: రాబోవు విద్యాసంవత్సరమున వారమునకు ఒక్క పీరియడు, ఒక్క తరగతికి, మార్కులు లేకుండ, నల్లబల్లపై బొమ్మ లేకుండ విడిచిపెట్టుడు, ఒక్క మెలకువను చూపి, పిదప పిల్లలు చేయునదానిని శ్రద్ధతో గమనింపుడు. ఒక రాష్ట్రము నూరేండ్లకు పైగా తడబడి నేర్చినదానిని మనము ఆ తడబాటు లేకుండనే నేర్వగలము.