మానససరోవరానికి నడిచిన దారి

కుమావూన్ పర్వతసీమలోని అల్మోరా నుండి బయలుదేరి, ధార్చులా మీదుగా కాళీనది లోయవెంట పైకి సాగి, లిపూలేఖ్ కనుమ దాటి టిబెట్టులోని తక్లకోట్ చేరే బాట కేవలం యాత్రికుల కోసం ఏర్పడినది కాదు. దానిని తరతరాలుగా నడిచి నిలబెట్టినవారు భోటియా వర్తకులు. వేసవిలో గర్బ్యాంగ్, గుంజి వంటి ఎగువ గ్రామాలలోను, శీతకాలంలో ధార్చులా పరిసరాలలోను నివసించే వీరు ధాన్యం, బెల్లం, వస్త్రాలను మేకల, గొర్రెల వీపులపై వేసి తక్లకోట్ సంతకు తీసుకుపోయి, అక్కడి నుండి ఉన్ని, ఉప్పు, వెలిగారం తెచ్చేవారు.

యాత్రికుడు ఈ వర్తకుల అడుగుజాడలలో నడిచినవాడు. అయిదువేల మీటర్లకు మించిన ఎత్తుగల కనుమను ఒంటరిగా దాటడం క్షేమం కాదు; దాటిన తరువాత దోపిడి దొంగల భయమూ ఉండేది. అందువల్ల గర్బ్యాంగ్‌లో ఆగి, తోడు వచ్చేవారిని కూడగట్టుకొని, సామాను మోసే పశువులను, భాష తెలిసిన మనిషిని కుదుర్చుకొని ముందుకు సాగేవారు. కైలాసయాత్రలో భక్తికి బేరసారాలు తోడుగా నిలిచాయనడం భక్తికి న్యూనత కాదు.

ఇంత శ్రమపడి చేరినవారు సైతం అక్కడ చూసిన దానిని గూర్చి ఏకాభిప్రాయానికి రాలేదు. మానససరోవరం నుండి పడమరనున్న రాక్షసతాల్‌కు నీరు ప్రవహిస్తుందా, లేదా అనేది పందొమ్మిదవ శతాబ్దంలో పెద్ద వివాదం. 1812లో గోసాయి వేషంలో వచ్చిన విలియం మూర్‌క్రాఫ్ట్‌కు అటువంటి కాలువ కనబడలేదు. 1846లో హెన్రీ స్ట్రేచీ పారుతున్న కాలువనే చూశాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. గంగా చూ అనే ఆ కాలువ కొన్ని సంవత్సరాలు పారుతుంది, కొన్ని సంవత్సరాలు ఎండిపోతుంది. వచ్చి కొద్దినాళ్లలో వెళ్లిపోయే బాటసారికి ఆ సంగతి తెలిసే వీలు లేదు.

అక్కడ ఆగి చూసినవారిలో ఒక తెలుగువాడు ఉండడం మనవారికి అంతగా తెలియదు. గోదావరి సీమలో 1896లో జన్మించిన కనకదండి వెంకట సోమయాజులు లాహోరులో చదివి, అక్కడే రైల్వే కార్యాలయంలో కొలువు చేసి, సహాయనిరాకరణోద్యమంలో దానిని వదలి, తరువాత సన్యసించి స్వామి ప్రణవానందగా ప్రసిద్ధి చెందారు. 1928లో కైలాసానికి తొలిసారి వెళ్లినది మొదలు ఆయన పలుమార్లు ఆ దారులు నడిచారు. 1936-37లో సరోవరపు దక్షిణ తీరంలోని తుగోల్హో మఠంలో ఏడాది పొడుగునా నివసించి, నీరు గడ్డకట్టడాన్ని, తిరిగి కరగడాన్ని పరిశీలించారు. బ్రహ్మపుత్ర, సింధు, సట్లెజ్, కర్ణాలీ నదుల జన్మస్థానాలను గూర్చి స్వీడన్ అన్వేషకుడు స్వెన్ హెడిన్ నిర్ణయాలతో విభేదించారు. 1949లో ప్రకటించిన ‘కైలాస్-మానసరోవర్’ గ్రంథానికి జవహర్‌లాల్ నెహ్రూ తొలిపలుకు వ్రాశారు. అందులో మఠాల వర్ణనతోపాటు మజిలీల మధ్య దూరాలు, వెంట తీసుకుపోవలసిన సామగ్రి కూడా ఉన్నాయి. నడవబోయేవానికి ఏమి కావాలో నడిచినవానికే తెలుస్తుంది.

1954లో భారత, చైనాల ఒడంబడిక లిపూలేఖ్‌తోసహా ఆరు కనుమలను వర్తకులకు, యాత్రికులకు నిర్దేశించింది. 1962లో దాని గడువు తీరింది. ఆ ఏడే యుద్ధం వచ్చింది, కనుమ మూతపడింది. మైదానాల వారికి పోయినది ఒక తీర్థయాత్ర. భోటియాలకు పోయినది జీవనం. 1967లో వారిని షెడ్యూల్డు తెగలలో చేర్చారు. చెక్కుడు పనితనపు ద్వారబంధాలుగల గర్బ్యాంగ్ ఇండ్లు, సంత లేక కొంత, నేల కుంగి కొంత, పాడుబడ్డాయి.

యాత్ర 1981లో, పరిమితమైన వర్తకం 1992లో తిరిగి మొదలయ్యాయి. యాత్రికులు ఇప్పుడు ప్రభుత్వం ఎంపిక చేసిన జట్లుగా వెళ్లసాగారు. ముందు పరిచయం లేనివారు ఆ బాటలో రోజుల తరబడి కలిసి నడిచి ఆత్మీయులయ్యేవారు. 1998 ఆగస్టులో మాల్పా వద్ద కొండచరియ విరిగి, మజిలీలో నిద్రిస్తున్న యాత్రికులతోసహా రెండువందల మందికి పైగా మరణించారు.

2020 మే నెలలో లిపూలేఖ్ సమీపం వరకు మోటారు రహదారి ప్రారంభమైంది. అదే ఏడు ఆగిన యాత్ర 2025లో పునఃప్రారంభం కాగా, ఈ దారిన యాభైమంది చొప్పున అయిదు జట్లు వెళ్లాయి. పూర్వం రోజుల తరబడి నడిచిన లోయను ఇప్పుడు వాహనం దాటిస్తున్నది. ముసలివారికి, బలహీనులకు అది మేలే. కాలినడకగా ప్రధానంగా మిగిలినది కైలాసం చుట్టూ యాభై రెండు కిలోమీటర్ల ప్రదక్షిణ మార్గం. అందులో డోల్మా కనుమ ఎక్కి దిగేటప్పుడు, మంచు మధ్య పచ్చగా గౌరీకుండం కనిపిస్తుంది.