పసిపిల్లల చదువు: విధానము వేఱు, శాసనము వేఱు

మా యూరి అంగన్వాడి యొద్ద ఒకనాడు ఒక వృద్ధురాలు నన్ను నిలిపి, “పంతులుగారూ, పిల్లదానికి అన్నం పెట్టకపోతే అడగొచ్చంటున్నారు గదా, మరి పాటా మాటా నేర్పకపోతే ఎవరిని అడగాలండీ?” అని ప్రశ్నించెను. జీవితమంతయు బడిలో గడపిన నాకు ఆ క్షణమున సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి చట్టముల ప్రతులు తిరుగవేసితిని. మన దేశమున శిశువిద్య నడచిన చరిత్ర యంతయు ఆమె ప్రశ్నలోనే యిమిడియున్నదని అప్పుడు గ్రహించితిని. ఆ సంగతినే నేడు మీకు మనవి చేయుచున్నాను.

వ్యాకరణము చదివినవారికి తెలిసిన విషయ మొకటి కలదు. పాణిని మహర్షి ఒకే క్రియారూపమునకు విధి, నిమంత్రణము, ఆమంత్రణము మున్నగు పెక్కు అర్థములను చెప్పెను. విధి యనగా సేవకునకు యజమాని చేయు ఆజ్ఞ. నిమంత్రణ మనగా త్రోసిపుచ్చరాని పిలుపు; శ్రాద్ధభోజనమునకు దౌహిత్రుని పిలుచుట దానికి వ్యాఖ్యాతలు చూపిన ఉదాహరణము. ఆమంత్రణ మనగా “ఇష్టమైనచో చేయుము” అను అనుమతి. రూప మొక్కటియే, బలము మాత్రము వేఱు.

ప్రభుత్వపు మాటలును ఇట్టివే. చట్టములోని “చేయవలెను” అను మాట విధి. చట్టమిచ్చిన అధికారముతో వెలువడు మార్గదర్శకములు నిమంత్రణము వంటివి. అధికారి వానిని మన్నింపవలెను, తగిన కారణము లేక విడువరాదు. విధాన మనునది ప్రభుత్వము తన సంకల్పమును లోకమునకు తెలుపు ప్రకటన. అది మంచిదే కావచ్చును. కాని అది నెరవేరనిచో దానినే పట్టుకొని న్యాయస్థానమున కెక్కుట సామాన్యునకు సాధ్యము కాదు.

ఇక చరిత్రకు వత్తము. 1944లో సార్జెంటు నివేదిక మూడు మొదలు ఆరేండ్ల లోపు పిల్లలకై పది లక్షల స్థానములు కల్పింపవలెనని సూచించెను. అది సూచనగానే మిగిలెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 45వ అధికరణమున, పదునాలుగేండ్లు నిండువరకు బాలబాలికల కందఱకును పదేండ్లలోపల ఉచిత నిర్బంధ విద్య నొసగుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని చెప్పెను. అందు ఏ యీడునుండి యను క్రింది హద్దు లేదు. కాని అది ఆదేశసూత్రములలోనిది. అట్టి సూత్రములను న్యాయస్థానములు అమలుపరుపజాలవని 37వ అధికరణమే చెప్పుచున్నది. గడువు 1960తో తీఱినది. చదువు మాత్రము అందఱకు అందలేదు.

1974లో జాతీయ బాలల విధానము వెలువడెను. మఱుసటి యేడు గాంధీజయంతి నాడు సమగ్ర శిశు అభివృద్ధి పథకము 33 ప్రాంతములలో ఆరంభమయ్యెను. నేటి అంగన్వాడులు దాని సంతానమే. 1986 నాటి జాతీయ విద్యావిధానమును శిశువుల సంరక్షణకు, విద్యకు గౌరవస్థాన మిచ్చెను. ఇవి యన్నియు లక్షలాది బిడ్డలకు మేలు చేసినవి. ఐనను వీనిలో ఒక్కటియు శాసనము కాదు.

1993లో ఒక మలుపు వచ్చినది. వైద్య, ఇంజనీరింగు కళాశాలల రుసుములను గూర్చి వచ్చిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యములో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రతివాదిగా నుండెను. అందు సర్వోన్నత న్యాయస్థానము, పదునాలుగేండ్లవరకు చదువు బిడ్డలకు ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పెను. ఆ తీర్పునకును క్రింది హద్దు లేదు. మూడేండ్ల బిడ్డయు ఆ నీడలో నిలిచెను.

ఆ నీడ తొమ్మిదేండ్లే నిలిచినది. 2002లో 86వ రాజ్యాంగ సవరణము జరిగెను. దానివలన ఆరు మొదలు పదునాలుగేండ్లవారికి విద్య ప్రాథమిక హక్కుగా రాజ్యాంగమునకే ఎక్కినది. అది గొప్ప మేలు. కాని ఆరేండ్ల లోపువారిని మరల 45వ అధికరణముననే, “ప్రయత్నింపవలెను” అను మాటక్రిందనే నిలిపిరి. అన్నకు హక్కు దక్కినది; తమ్మునకు ఆశ మిగిలినది.

తరువాత 2009లో విద్యాహక్కు చట్టము వచ్చి, 2010 ఏప్రిలు 1వ తేది నుండి అమలయ్యెను. దాని 11వ సెక్షను మూడేండ్లు దాటిన పిల్లలను గూర్చినది. వారికి ఉచితముగ పూర్వప్రాథమిక విద్య గఱపుటకు ప్రభుత్వము ఏర్పాట్లు “చేయవచ్చును” అని అందున్నది. పెద్దలారా, “చేయవలెను” అని లేదు. శాసనమున కెక్కియు ఆ మాట ఆమంత్రణముగానే మిగిలినది. ఒక్క యక్షరపు తేడాలో కోట్ల బిడ్డల చదువున్నది.

అదే చట్టపు 35వ సెక్షను మార్గదర్శకముల నిచ్చు అధికారమును కల్పించినది. ఆ యధికారముతోనే 2010 నవంబరులో బడులలో ప్రవేశములను గూర్చి కేంద్రము మార్గదర్శకము లిచ్చెను. ప్రైవేటు బడిలో నాలుగవ వంతు స్థానములు బడుగు కుటుంబముల బిడ్డలకు చెందవలెననియు, శిశుతరగతు లున్నచోట అచ్చటనుండియే ఇది వర్తించుననియు చట్టమే చెప్పియున్నది. కావున ఆ స్థానములవఱకు మార్గదర్శకములకు బలము చేకూరెను. తక్కిన శిశుతరగతి ప్రవేశముల మాట వచ్చినప్పుడు, ఈ చట్టము వానికి వర్తింపదని 2013 ఫిబ్రవరిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము తేల్చెను. తీగ యెంత ఏపుగ నున్నను పందిరి యున్నంత మేరకే ప్రాకును. మార్గదర్శకము తీగ, చట్టము పందిరి.

ఆ సంవత్సరమే సెప్టెంబరు నెలలో చిత్రమైన సంగతి యొకటి జరిగినది. జాతీయ ఆహారభద్రతా చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించెను. ఆరు నెలలు మొదలు ఆరేండ్లవఱకు బిడ్డలకు అంగన్వాడి ద్వారా ఉచితాహారము హక్కని ఆ చట్టము చెప్పినది. మూడేండ్లు దాటినవారికి ఉదయపు చిరుతిండియు వేడియన్నమును కలిపి 500 కేలరీలు, 12 మొదలు 15 గ్రాముల మాంసకృత్తులు ఉండవలెనని నాటి అనుబంధము కొలతలతో వ్రాసినది. ఆహార మందనిచో భత్యము పొందు హక్కును, ఫిర్యాదు వినుటకు జిల్లాలో అధికారియు ఏర్పడిరి.

అదే నెలలో శిశు సంరక్షణ, విద్యలకు జాతీయ విధానమును ప్రభుత్వము ఆమోదించెను. ఇరువదిమంది బిడ్డలకు ఒక పెద్ద తోడు, ముప్పదిమందికి 35 చదరపు మీటర్ల గది, ఆడుకొనుటకు 30 చదరపు మీటర్ల బయలు, ఇట్టి కొన్ని ప్రమాణములను రాజీపడరానివిగా అందు పేర్కొనిరి. మాట గట్టిదే. కాని రాజీపడినచో ఎవరికి ఫిర్యాదు చేయవలెను? దానికి చట్టములో తావు లేదు. ఒకే గదిలో, ఒకే బిడ్డకు, పళ్లెములోని అన్నము శాసనమైనది. పలకమీది అక్షరము విధానముగా మిగిలినది.

ఈ భేదము పండితుల వాదము మాత్రమే కాదని అంగన్వాడి కార్యకర్తల కథయే చెప్పును. వారి ఉద్యోగములు ఏ శాసనమువలనను ఏర్పడినవి కావని 2006లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను. 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానమే గుజరాతు కార్యకర్తల వ్యాజ్యమున, ఆహారభద్రతా చట్టము వచ్చినపిదప వారు చట్టబద్ధమైన కర్తవ్యమును నెరవేర్చుచున్నారని గుర్తించి, వారికి గ్రాట్యుటీ చెల్లునని తీర్పు చెప్పినది. వండిన చేతులవే, ఆడించిన ఒడులవే. నడుమ ఒక చట్టము వచ్చినది, హక్కు పుట్టినది.

శాసనము, మార్గదర్శకము చక్కగ కలిసి నడచిన తావు చూడదలచినచో ఇంగ్లండు దేశమును చూడవచ్చును. అచ్చట 2006 నాటి శిశుసంరక్షణ చట్టము ననుసరించి 2008 నుండి ఐదేండ్లలోపు బిడ్డలకు ఒక నియమావళి అమలగుచున్నది. అందు “తప్పక” అను మాట యున్నచోట మఱి దారి లేదు. “తగును” అను మాట యున్నచోట మంచి కారణము లేనిదే తప్పరాదు. రెండేండ్ల బిడ్డలు నలుగురికి ఒక పెద్ద యుండవలెనను నియమమును 2023లో ఐదుగురికి ఒకరుగా మార్చిరి. ఆ మార్పు మేలో కీడో వేఱు మాట. మార్పవలసినప్పుడు నియమావళినే బహిరంగముగ మార్పవలసి వచ్చినది గాని, ఊరకుండి నియమమును జార్చుటకు వీలు లేకపోయినది.

మన 2020 జాతీయ విద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవఱకు ఒకే పునాదిదశగ నేర్పఱచి, 2030 నాటికి శిశువిద్య అందఱకు అందవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. విద్యాహక్కును మూడేండ్లనుండియే వర్తింపజేయుమని 2019 నాటి ముసాయిదా సూచించెను. తుదిరూపమున ఆ సూచన నిలువలేదు.

నే నీ మాటలు విధానములను చులకన చేయుటకు చెప్పలేదు. విధానము లేక శాసనము పుట్టదు. సంకల్పము చేసిన పిమ్మటనే గదా క్రతువు. ఐనను సంకల్పమే క్రతువని తృప్తిపడరాదు. గ్రామసభలో “ప్రభుత్వమువారు ఇట్లు నిర్ణయించిరి” అని యెవరైన చెప్పినప్పుడు, అది చట్టమా, చట్టముక్రింది మార్గదర్శకమా, ఉత్త విధానమా యని మీరడుగవలెను. చట్టమైనచో హక్కుగా అడుగుడు. మార్గదర్శకమైనచో తప్పుటకు కారణ మడుగుడు. విధానమైనచో దానిని చట్టము చేయుమని మీ ప్రతినిధుల నడుగుడు.

ఆ వృద్ధురాలిని మరల చూచినప్పుడు ఇట్లు చెప్పితిని: “అమ్మా, అన్నము నీ మనుమరాలికి రావలసిన బాకీ. చదువు ఇంకను ఇచ్చెదమన్న మాట. ఆ మాటను బాకీగా వ్రాయించుట మనవంటి పెద్దల పని.”