నగరయువకుని నిర్వేదము: ఋణానందలహరి, గెకిగ

ఆత్రేయపుర మండలములోని బొబ్బర్లంకనుండి గోదావరి యానకట్టమీఁదుగా నుత్తరమునకుఁ బోయినచో ధవళేశ్వరము చేరవచ్చును. ముళ్లపూడి వేంకటరమణ 1931లో నచ్చట జన్మించెను. ఆయన రచనలకు బొమ్మలు గీసిన బాపు, అనఁగా సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933లో వసిష్ఠగోదావరి యొడ్డునఁగల నరసాపురమునఁ బుట్టెను. ఇరువురును బాల్యమునందే మదరాసు చేరి, పాఠశాలలో మిత్రులైరి. 1954లో ఆంధ్రపత్రికలో నుపసంపాదకుఁడుగాఁ జేరిన రమణ, పత్రికారచన చేయుచుండిన కాలమునఁ గల్పించిన పాత్రములలో నప్పారావు ముఖ్యుఁడు. ఇతఁడు ‘ఋణానందలహరి’కి నాయకుఁడు, పట్టణమున నప్పుమీఁద బ్రతుకు యువకుఁడు. సారస్వతచరిత్రకారులు తఱచుగా నీ గ్రంథమును హాస్యమను నొక యరలో నుంచి ముందునకుఁ బోవుదురు. ఆ యర దీనికిఁ జాలదు.

గ్రంథనామమునుండియే విచారము మొదలిడవచ్చును. శంకరభగవత్పాదుల పేరఁ బ్రసిద్ధమగు ‘శివానందలహరి’లో శివపదమును దొలఁగించి ఋణపదమును నిలిపినచో నేర్పడిన పేరిది. సవర్ణదీర్ఘసంధి యట్లే యున్నది. గురులఘువుల వరుసయు నట్లే యున్నది. దైవము మాత్రము మాఱినది. అప్పారావునకు నప్పడుగుట యక్కఱ మాత్రమే కాదు, అదియొక విద్య, యొక యుపాసన. పాఠకుఁడు నవ్వును. కాని ఋణమునం దానందమును వెదకికొనవలసిన గతి యేల పట్టెనని ప్రశ్నించువా రరుదు. చదువుకొన్నవానికి నగరము పనియు నీయక, గౌరవము నీయక, చేతికందినదెల్ల నప్పేయైనపుడు దానినే పరబ్రహ్మముగా స్తుతించుట వట్టి హాస్యము కాఁజాలదు.

దీనికి శాస్త్రమునఁ బేరు కలదు. భరతముని చెప్పిన ముప్పది మూఁడు వ్యభిచారిభావములలో మొదటిది నిర్వేదము. అమంగళప్రాయమగు దీనిని మొదటఁ జెప్పుట దాని స్థాయిత్వమును సూచించుటకే యని మమ్మటుఁడు సమర్థించి, శాంతరసమునకు దానిని స్థాయిగా నొప్పుకొనెను. అప్పటినుండియు నిర్వేదమన్నఁ దత్త్వజ్ఞానమువలనఁ గలుగునదే పండితులకు స్ఫురించుచున్నది. భరతుఁడు చెప్పిన విభావములలో మొదటిది దారిద్ర్యమనియు, నవమానము నందే కలదనియు మఱచుచున్నారు. దారిద్ర్యజమగు నిర్వేదము శాంతముగాఁ బండదు. వేఱొక వేషము వేసికొనును. 1940వ దశాబ్దమున వెలసిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’యందును, గోపీచందు ‘అసమర్థుని జీవయాత్ర’యందును నిర్వేద మంతర్విచారముగా నడచినది. రమణ చేతిలో నది హాస్యవేషము దాల్చినది.

ఈ యవస్థయే యించుమించుగా నా కాలముననే జపానుదేశమున మఱియొక రూపముతో వెలువడెను. ఒసాకా నగరమున 1935లోఁ బుట్టిన తత్సుమి యొషిహిరో 1957లోఁ దన బొమ్మలకథకు ‘గెకిగ’ యని పేరిడెను. అది వెలువడిన సంకలనము పేరు ‘మాచి’, అనఁగా బస్తీ. ‘గెకి’ యనఁగా నాటకము, ‘గ’ యనఁగా బొమ్మ. అదివఱకు వాడుకలోనున్న ‘మాంగా’ యందలి పూర్వపదమునకుఁ దోఁచినట్లు సాగునదని యర్థము. ఉత్తరపదము నట్లే యుంచి పూర్వపదమును మార్చుటచేతనే బాలవినోదమునుండి పెద్దల కథను వేఱుచేసిన నేర్పు వైయాకరణులకు ముచ్చట గొలుపును. 1959లోఁ దత్సుమితోఁగూడ నెనమండ్రు చిత్రకారు లొక సంఘముగా నేర్పడిరి. వీరి పుస్తకములు ‘కాషిహోన్’ అను నద్దెపుస్తకముల దుకాణములలోఁ దిరిగినవి. పల్లెలు విడిచి నగరములలోని కర్మాగారములఁ జేరిన పడుచువాండ్రు వానిని జదివిరి. 1964లో నగాయి కత్సుఇచి ‘గారో’ యను మాసపత్రికను స్థాపించెను. 1970–71లో హయాషి సెయిచి యందుఁ బ్రకటించిన ‘సెకిషోకు ఎరెజీ’లో ఇచిరో, సచికో యను నిరుపేదలగు బొమ్మలపనివా రిరువురు పెండ్లి లేకయే యొక గదిలోఁ గాపురముండి, క్రమముగా నొకరికొకరు దూరమగుదురు. అమెరికాతోడి రక్షణసంధికి విరోధముగా 1960లో లేచిన యుద్యమము నిష్ఫలమైన పిదపఁ బెరిగిన తరమున కది తమ కథయే యనిపించెను.

1970 ప్రాంతమునఁ దత్సుమి గీసిన చిన్నకథలలో నాయకుఁడు తఱచుగా మాటాడఁడు. కర్మాగారము, ఇఱుకుగది, వీథిలోని గుంపు. మాటలన్నియు నితరులవి, ముఖము మాత్ర మితనిది. అప్పారావో, మౌనముగా నుండలేఁడు. మాటయే వాని మూలధనము. మాట యాఁగినచో నప్పు పుట్టదు. కావుననే యీతనికి వాక్యము కావలసివచ్చెను, ఆతనికి బొమ్మ కావలసివచ్చెను. ఇట్టి బొమ్మలకథను జిత్రకావ్యమని త్రోసివేయువారు పేరును జూచి మోసపోవుచున్నారు. ఆనందవర్ధనుఁడు చిత్రమన్నది వ్యంగ్యప్రాధాన్యము లేని రచనను; గెకిగలోనో, నాయకుఁడు చెప్పనిదంతయు వ్యంగ్యమే.

మఱి బాపువంటి చిత్రకారుఁడుండియుఁ దెలుఁగున నిట్టి శాఖ యేల పెరుగలేదు? కథకుఁ బుటపుటనుఁ బెద్దబొమ్మ చేర్చుట 1947లోఁ బుట్టిన ‘చందమామ’తో బాలుర సొత్తుగా స్థిరపడెను. తలిసెట్టి రామారావు నాఁటినుండి పెద్దల పత్రికలలో బొమ్మ యొక్క గడిలోని వ్యంగ్యచిత్రముగానే ప్రధానముగా నిలిచెను. అయినను నిది పూర్తి సమాధానము కాదు. 1947లోనే వెలువడిన తెజుకా ఒసాము ‘షిన్ తకరాజిమా’యు బాలురదే, అట్టి పుస్తకములు చదివి పెరిగినవారే గెకిగ కర్తలైరి. భేదము చలనచిత్రముకడ నున్నది. ఒసాకా యువకులు తమకుఁ బ్రియమగు చలనచిత్రమును గాగితముమీఁదికి దింపిరి. బాపురమణలు కాగితమునుండి చలనచిత్రమునకుఁ బోయిరి. చిత్రీకరణమునకు ముందు దృశ్యములను వరుసగా బొమ్మలు గీసికొనుట బాపు పద్ధతి. పెద్దలకై గడులుగా విఱిచిన తెలుఁగుకథ కవియే మిక్కిలి దగ్గఱవి. కాని వానిని జూచినవారు చిత్రబృందమువారే. రమణ కథ నాధారముగాఁ గొని బాపు తీసిన మొదటి చలనచిత్రము ‘సాక్షి’ 1967లో విడుదలయ్యెను. దానిని దీసిన పులిదిండి గ్రామ మాత్రేయపుర మండలములోనిది.