సిస్టరమ్మ చదువు

ధూల్‌పేట్‌లో ఒంట్లో బాగోలేకపోతే ఉస్మానియాకు పరుగు, కాన్పుకైతే మూసీ అవతలి పేట్లబురుజుకు. రెండు చోట్లా డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చి వెళ్తారు. రాత్రంతా వార్డులో కనిపించేది మాత్రం సిస్టరమ్మే. సెలైన్ మార్చేది, పొద్దున్నుంచి మూత్రం ఎంత వచ్చిందో రాసుకునేది, పెద్ద డాక్టరు ఇంగ్లీషులో చెప్పిపోయింది బస్తీవాళ్ల హిందీలోకి దించి చెప్పేది ఆమే. ఇంతకీ ఆమె ఏం చదివిందని అడిగితే 'నర్సు కోర్సు' అనేసి ఊరుకుంటాం. ఆ కోర్సు బీఎస్సీ నర్సింగ్ అయితే నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. అందులోని సబ్జెక్టులు ఎవరో ఒకనాడు బల్ల ముందు కూర్చుని రాసిన జాబితా కాదు. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో, ఏదో ఒక అవసరం మెడ మీద కూర్చుంటే వచ్చి చేరింది.

మొదటి అవసరం యుద్ధంలో వచ్చింది. 1854లో క్రిమియా యుద్ధ సమయాన ఫ్లారెన్స్ నైటింగేల్ స్కుటారి సైనిక ఆస్పత్రికి వెళ్లేసరికి సిపాయిలు తూటాల కంటే టైఫస్, కలరా, విరేచనాలతోనే ఎక్కువగా పోతున్నారు. దీపం పట్టుకుని తిరిగిన దయామూర్తిగానే మనం ఆమెను పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆమె అసలు ఆయుధం లెక్కలు. ఏ నెలలో ఎందరు ఏ కారణంతో చనిపోయారో 1858లో రంగుల చిత్రంగా గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. అదే ఏడు లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను తొలి మహిళా సభ్యురాలిగా తీసుకుంది. ఇప్పుడు ఏడో సెమిస్టర్లో 'నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్' అనే పేపరు చూసి 'నర్సుకు ఈ లెక్కలెందుకు' అని తల పట్టుకునే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. 1860లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఆమె పేరిట శిక్షణ పాఠశాల తెరవకముందే ఈ లెక్కలు పుట్టాయి.

మన వైపు చదువు మద్రాసు మీదుగా వచ్చింది. అక్కడ 1854లో మంత్రసానుల శిక్షణకు, 1871లో జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణకు బడులు పెట్టారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న గుంటూరుకు 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల ఆస్పత్రి తెరిచింది. వెల్లూరులో ఐడా స్కడర్ ఆస్పత్రికి అనుబంధంగా 1909లో నర్సింగ్ పాఠశాల మొదలైంది. తెలుగు నేల మీదా చుట్టుపక్కలా ఈ పనికి ముందుగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. మిగతా కులాల పెద్దలకు పరాయివాడి ఒళ్లు తుడవడం, మలమూత్రాల పాత్ర ఎత్తడం తలవంపులు. అలాంటి పని చేసే మనిషి తమకే కావలసివచ్చినప్పుడు మాత్రం ఆ పట్టింపు ఎక్కడికి పోయేదో తెలియదు.

హైదరాబాదు కథ ఇంకాస్త చిత్రమైనది. ఇక్కడి మెడికల్ స్కూల్లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1885లోనే ఆడవాళ్లను వైద్యవిద్యలో చేర్చుకున్నాడు. వాళ్లలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు క్లోరోఫాం ఇచ్చి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు తెచ్చుకుంది. క్లోరోఫాం భద్రత తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నది కూడా ఈ ఊళ్లోనే. అంటే నర్సింగ్ అనేది కాలేజీలో చదవాల్సిన విద్య అని దేశంలో ఎవరికీ తట్టకముందే హైదరాబాదులో ఆడవాళ్లు డాక్టరీ చదివేశారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని ఊడ్చేసింది. దాని స్థానంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో 1919లో ఉస్మానియా ఆస్పత్రి లేచింది.

ఆ కాలంలో శిక్షణంటే వార్డులో పనే. పగలంతా చాకిరీ, ఓపిక మిగిలితే సాయంత్రం పాఠం. నేర్చుకునేవాళ్లంటే ఆస్పత్రికి చవకగా దొరికే పనివాళ్లు. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చి పేర్ల నమోదు మొదలైందే గాని, చదువుకు హోదా రాలేదు. ఆ లోటు ఎంత లోతుదో దేశంలో ఆరోగ్య సేవల పరిశీలనకు 1943లో వేసిన భోర్ కమిటీ లెక్క తీసింది. 1946లో నివేదిక వచ్చేనాటికి బ్రిటిష్ ఇండియాలో సుమారు 43,000 మందికి ఒక్క నర్సు. అదే 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. ఢిల్లీ కాలేజీకి తర్వాత మన తొలి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరు పెట్టారు. నైటింగేల్ పెరిగిన బ్రిటన్‌లో ఒక విశ్వవిద్యాలయం నర్సింగ్ విభాగం తెరవడానికి 1956 దాకా, అదీ ఎడిన్‌బరోలో, ఆగాల్సి వచ్చింది. ఈ విషయంలో మనం ముందున్నామని మనవాళ్లు ఎక్కడా చెప్పుకోరు.

1947 చట్టంతో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏర్పడి దేశమంతటికీ ఒకే సిలబస్ పెట్టే అధికారం తీసుకుంది. దాన్ని చాలాసార్లు మార్చారు. ఇప్పుడు నడుస్తున్నది 2021 జూలైలో గెజిట్‌లో వచ్చిన సెమిస్టర్ల సిలబస్. 2023లో పార్లమెంటు పాత చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. తెలంగాణలో పరీక్షలు పెట్టి డిగ్రీ ఇచ్చేది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం.

ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లు మొదటి సెమిస్టర్లో అనాటమీ, ఫిజియాలజీ చూసి తెలిసిన దారే అనుకుంటారు. పక్కనే సోషియాలజీ, సైకాలజీ ఉంటాయి. అన్నిటికంటే బరువైనది నర్సింగ్ ఫౌండేషన్స్. అందులో తొలి పాఠాల్లో ఒకటి పక్క వేయడం. నవ్వొస్తుంది గాని, ల్యాబ్‌లో దుప్పటి మూలలు మడిచి లోపలికి దోపి, ముడత లేకుండా లాగేదాకా మేడమ్ ఒప్పుకోదు. పక్షవాతంతో కదల్లేని మనిషి నడుము కింద చిన్న ముడత ఉన్నా అక్కడ చర్మం ఒరుసుకుంటుంది, నెత్తురు ఆడదు, బెడ్‌సోర్ మొదలవుతుంది. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలన్న నియమమూ అక్కడిదే. అమ్మ చేసే పనే కదా అనిపించే చోట కారణం చెప్పగలగడమే ఆ చదువు.

రెండో సెమిస్టర్లో బయోకెమిస్ట్రీ, పోషకాహారం, కంప్యూటర్ వస్తాయి. ఆ తర్వాత మైక్రోబయాలజీ, పాథాలజీ, ఫార్మకాలజీ. మందుల పాఠంలో లెక్క తప్పితే ప్రాణం మీదికొస్తుంది. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, ఆ సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు. నిమిషానికి ఎన్ని చుక్కలు వదలాలి? పదివేల చుక్కల్ని 240 నిమిషాలకు పంచితే సుమారు 42. వార్డులో సిస్టరమ్మ గడియారం చూస్తూ గొట్టం వైపు కళ్లార్పకుండా నిలబడితే పరధ్యానంలో ఉందనుకోకండి, ఈ లెక్కే చూసుకుంటోంది.

డాక్టరీ సిలబస్‌ను సగానికి కోస్తే నర్సింగ్ వస్తుందనేది చాలామంది అపోహ. కేర్ ప్లాన్ చూస్తే అది పోతుంది. డాక్టరు కేసు షీటులో 'న్యుమోనియా' అని రాస్తాడు. అదే రోగి గురించి నర్సింగ్ విద్యార్థి తన పుస్తకంలో 'కఫం బయటికి రాక ఊపిరి ఆడటం లేదు' అని రాస్తుంది. దాని కింద ఏం గమనించింది, ఏం సాధించాలి, అందుకు ఏం చేసింది, చివరికి ఏం మారింది అని గడులుంటాయి. కూర్చోబెట్టడం, దగ్గించడం, ఆవిరి పట్టించడం, నీళ్లు తాగించడం ఆమె బాధ్యత. జబ్బుకు డాక్టరు పెట్టే పేరు వేరు, ఆ జబ్బుతో మనిషి పడే పాట్లకు నర్సు పెట్టే పేరు వేరు. ఈ రెండో రకం పేర్లను ఒక పద్ధతిలో కూర్చడానికి అమెరికాలో 1973లో తొలి సమావేశం జరిగింది. చదువుగా చూస్తే ఇది ఇంకా కుర్రదే.

మూడో ఏడు నుంచి పిల్లల వార్డు, మానసిక ఆరోగ్యం, కాన్పుల గది, కమ్యూనిటీ హెల్త్ పాఠాలు. చట్టం, ఫోరెన్సిక్ కూడా కొత్తగా చేరాయి. ఆస్పత్రికి గాయాలతో వచ్చిన అమ్మాయి బట్టలు ఉతికేయకుండా భద్రపరచాలని ముందు తెలియాల్సింది నర్సుకే కదా. ఇక కమ్యూనిటీ హెల్త్ గురించి చెప్పాలంటే ధూల్‌పేట్‌ను మించిన పాఠ్యపుస్తకం లేదు. వినాయక చవితికి నెలల ముందు నుంచే ఇక్కడి విగ్రహాల షెడ్లలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి, స్ప్రే రంగులు. పతంగులు, రాఖీలు ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని చేసే పని. గుడుంబా బట్టీల పేరుతో ఈ పేట మోసిన అపకీర్తి మొత్తం బస్తీకి అంటగట్టడం అన్యాయమే. కాని తాగుడు వదిలించడం మెంటల్ హెల్త్ పాఠంలో ఉంది, దాని అవసరం ఈ గల్లీలకు తెలుసు.

ఇలాంటి బస్తీకి వచ్చిన విద్యార్థి ఇంట్లోకి అడుగుపెట్టగానే బీపీ చూడదు. ముందు ఒక న్యూస్‌పేపరు పరిచి దాని మీద తన సంచి పెడుతుంది. సంచి పై అరలోంచి సబ్బు, తువాలు తీసి చేతులు కడుక్కుంటుంది. ఆ తర్వాతే సంచి తెరుస్తుంది. ఇంటి క్రిములు సంచిలోకి, సంచివి ఇంట్లోకి పోకుండా ఆ వరస. 'మా ఇల్లు మురికిగా ఉందని కాబోలు' అని ఆ ఇంటావిడ నొచ్చుకోకుండా మాట కలపడం కూడా ఆమె నేర్చుకోవాల్సిందే. ఇంటాయనకు దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, షెడ్డులో మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడా, పిల్లకు టీకాలు పడ్డాయా, అన్నీ ఫ్యామిలీ ఫోల్డర్లోకి ఎక్కుతాయి.

చివరి సెమిస్టరు మొత్తం ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. థియరీకి 80 శాతం హాజరుంటే పరీక్ష రాయనిస్తారు. క్లినికల్ పోస్టింగ్‌లకు మాత్రం నూరు శాతం పూర్తయితేనే డిగ్రీ. ఈ రెండు అంకెల తేడాలోనే ఆ చదువు అసలు బడి ఎక్కడుందో తెలుస్తుంది. నా మట్టుకు నాకు సిలబస్‌తో పేచీ లేదు. కాగితం మీద అది చక్కగానే ఉంది. పేచీ అంతా రోగులు లేని ఆస్పత్రులను చూపించి సీట్లు నింపుకునే చోట్ల గురించి.

ధూల్‌పేట్ పక్కనే గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. 2,000 పడకలతో పాటు నర్సింగ్ కాలేజీ కూడా ఆ ప్రణాళికలో ఉంది. అది పూర్తయ్యేలోగా మీ అమ్మాయినో అబ్బాయినో బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చాలనుకుంటే కాలేజీ భవనం చూసి మురిసిపోకండి. రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు, విశ్వవిద్యాలయం అనుబంధం ఉన్నాయో లేదో చూడండి. కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా, అందులో కనీసం వంద పడకలున్నాయా, ఆ పడకల మీద రోగులున్నారా అని అడగండి. కుదిరితే ఒక పూట వెళ్లి మీరే ఆ వార్డులు చూసి రండి. ఫీజు సంగతి ఆ తర్వాత.