గడి నుంచి సరిహద్దు దాకా

హైదరాబాదు సంస్థానం ఇండియన్ యూనియన్ మీద ఏనాడూ యుద్ధం ప్రకటించలేదు. పైగా 1947 నవంబరు 29న నిజాం యథాతథ ఒప్పందం మీద సంతకం చేశాడు. ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నది దాని సారం. ఆ ఏడాది నిండకముందే కృష్ణా జిల్లా అంచు ఊళ్ల మీద, సోలాపూరు వైపు, బేరారు వైపు రజాకార్లనే సాయుధ మూకల దాడులు మొదలయ్యాయి. సంస్థానం గుండా పోయే రైళ్లకూ రక్షణ లేకుండా పోయింది. ఈ కథను ఢిల్లీ, హైదరాబాదు, కరాచీల మధ్య నడిచిన ఉత్తరాల కథగా, మంతనాల కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. అందులో తరిగొప్పుల, నర్మెట, చేర్యాల, మద్దూరు లాంటి పేర్లు వినిపించవు. కానీ సరిహద్దు దాటిన ఆ దౌర్జన్యం ఎక్కడ తయారైందో తెలియాలంటే ముందు చూడాల్సింది ఈ జనగామ ప్రాంతాన్నే. నిజాం రాజ్యం పొరుగు మీద సాగించిన అప్రకటిత యుద్ధం, అప్పటికే సొంత రైతుల మీద సాగిస్తున్న యుద్ధానికి కొనసాగింపు. మూకలు అవే, పోలీసు అండ అదే, దొరికిపోయినప్పుడు బుకాయింపూ అదే. గీత దాటేసరికి లోకం కంట పడింది, అంతే తేడా.

నిజాం కాలంలో జనగామ, నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. అక్కడ రాజ్యం అంటే రైతుకు హైదరాబాదు కాదు, విసునూరు దొర ఉండే గడి. దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద వేల ఎకరాల భూమి, ఊరూరా పటేల్ పట్వారీల బలగం, అడిగినప్పుడల్లా చేసి తీరాల్సిన వెట్టి, ఎదురు తిరిగిన వాళ్ల కోసం గూండాలు. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ భూమి కోసం కోర్టుకెక్కి గెలిచినందుకు హత్యకు గురయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను దోచుకుపోవడానికి దొర మనుషులు వస్తే ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు అడ్డుపడ్డారు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా పోతున్న జనం మీద దొర మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడే ప్రాణం విడిచాడు. ఆ తర్వాత జరిగింది మరీ గమనించదగ్గది. కోపంతో జనం గడిని చుట్టుముడితే పోలీసులు దిగి లోపలి వాళ్లను కాపాడారు, కేసులు మాత్రం సంఘం వాళ్ల మీద పెట్టారు. ఒక పాలనా పద్ధతి మొత్తం ఆ ఒక్కరోజులో కనిపిస్తుంది. దెబ్బ కొట్టేది సర్కారు జీతం తీసుకోని మనిషి, అతనికి కాపలా సర్కారు పోలీసు, నేరం దెబ్బ తిన్నవాడిది. సర్కారు చేతికి మట్టి అంటదు.

ఈ గడి పద్ధతినే సంస్థానమంతటికీ విస్తరించిన సంస్థ రజాకార్లది. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ 1946లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీ అధ్యక్షుడయ్యాక దాని స్వచ్ఛంద దళం సాయుధ దళమైంది. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద జరిగిన కాల్పుల్లో 22 మంది చనిపోయారు. అక్కడ పోలీసులూ రజాకార్లూ ఒక్క జట్టుగానే ఉన్నారు. అక్టోబరు 27 తెల్లవారుజామున రజ్వీ మనుషులు ఏకంగా ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, రాజ్యాంగ సలహాదారు వాల్టర్ మాంక్టన్ ఇళ్లను ముట్టడించి, ఒప్పందం కోసం ఢిల్లీ బయల్దేరాల్సిన బృందాన్ని ఆపేశారు. ఛత్తారీ తప్పుకున్నాడు, కొన్నాళ్లకు లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. దారికి అడ్డమొచ్చిన రైతుకు జనగామలో ఏ గతి పట్టిందో, అడ్డమొచ్చిన ప్రధానికి రాజధానిలో దాదాపు అదే పట్టింది. పల్లెల్లో దేశ్‌ముఖ్‌ల గడీలు రజాకార్లకు విడిదిళ్లయ్యాయి. దొరకు సంఘం మీద పగ, రజ్వీకి యూనియన్ మీద పగ, ఇద్దరికీ కావలసింది భయపడే ఊరు.

భయపడని ఊరు ఏమైందో బైరాన్‌పల్లి చెబుతుంది. అది ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ చేర్యాల, మద్దూరు దారిలో తరిగొప్పులకు పొరుగు ప్రాంతమే. ఊరి నడుమ ఎత్తయిన బురుజు. దాని మీద వంతులవారీగా కాపలా. చేతిలో భర్మార్ తుపాకులు, పక్కన నగారా. దుమ్ము లేచినా, దివిటీ కనిపించినా నగారా మోగేది, వడిసెలలు, రోకళ్లు, కారం పట్టుకుని ఆడామగా సిద్ధమయ్యేవాళ్లు. రజాకార్లు అంతకుముందు వచ్చినప్పుడు ఈ కాపలా ముందు నిలవలేక వెనక్కి పోయారు. 1948 ఆగస్టు 27 తెల్లవారకముందు వచ్చినప్పుడు మాత్రం వెంట నిజాం బలగాలు కూడా ఉన్నాయి. బురుజు మీది వాళ్లను కూల్చి, ఊళ్లో పడి, దొరికిన మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయిన వారు దాదాపు వంద మంది. రజాకార్లు ఎవరి మాటా వినని అల్లరి మూక మాత్రమే అనే వాదనకు ఈ ఒక్క ఊరే జవాబు. మూక ఓడిపోయిన చోట మూకను గెలిపించడానికి ప్రభుత్వమే బలగాలను పంపింది.

జనగామ నుంచి సూర్యాపేట మీదుగా మునగాల వంద మైళ్ల లోపే. మునగాల పరగణా నిజాం ఇలాకా నడుమ ఉన్న మద్రాసు రాష్ట్రపు ముక్క. పరిటాల దానికి తలకిందులు, కృష్ణా జిల్లా నడుమ ఉన్న నిజాం ముక్క. భాష ఒకటి, చుట్టరికాలు ఒకటి, గట్టు దాటితే సర్కారు వేరు. జనగామ, సూర్యాపేట, హుజూర్‌నగర్ పల్లెల్లో ఇల్లు కాలినవాడు ఆ గట్టు దాటి బెజవాడ వైపు పోయాడు. తరిమిన వాళ్లు అతని వెంటే వచ్చారు. తన జనాన్ని తరిమే ప్రభుత్వానికి పొరుగు దేశం శత్రువుగా కనిపించడం ఇక్కడే మొదలవుతుంది. పారిపోయినవాడికి అక్కడ చోటు దొరుకుతుంది, మాట్లాడే నోరు దొరుకుతుంది, కొన్నిసార్లు తుపాకీ కూడా దొరుకుతుంది. 1948 మే 22న గంగాపూర్ స్టేషనులో రైలు మీద దాడి జరిగింది. జూలైలో సోలాపూరు దగ్గర నానజ్ వద్ద ఏకంగా భారత సైనికుల మీదే దాడి జరిగింది. ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామన్న రజ్వీ ప్రసంగాలు పత్రికలకెక్కాయి. తుపాకీ లేని రంగాల్లోనూ ఇదే ధోరణి. సంస్థానంలో భారత రూపాయి చెల్లదన్నారు, బంగారం వెండి బయటికి పోకూడదన్నారు, భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో ఉన్న 20 కోట్లు పాకిస్తానుకు అప్పుగా ఇచ్చారు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రుళ్లు బీదర్, వరంగల్ విమానాశ్రయాలకు ఆయుధాలు చేరవేశాడు. ఒప్పందం మీద సిరా ఆరకముందే దాని చుట్టూ తవ్వకం మొదలైందన్నమాట.

అయితే యుద్ధమే చేయదలిస్తే ప్రకటించవచ్చు కదా? ప్రకటించలేదంటే బలం లేక. సంస్థానానికి నాలుగు వైపులా యూనియనే, సముద్రం లేదు. సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ దగ్గరున్న బలగం భారత సైన్యం ముందు నిలిచేది కాదు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. పైగా హైదరాబాదు బతకాలంటే ప్రపంచం ముందు బాధితుడిగా నిలబడాలి. 1948 ఆగస్టులో ఐక్యరాజ్య సమితి తలుపు తట్టింది అందుకే. యుద్ధం ప్రకటించినవాడికి ఆ తలుపు తెరుచుకోదు. సర్కారు ముద్ర లేని దళం ఉంటే దాడీ జరుగుతుంది, ఫిర్యాదు చేసే హక్కూ మిగులుతుంది. ఈ నేర్పు నిజాం ఒక్కడిదే కాదు. నల్లజాతి వారిని అణిచిన దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1980లలో పొరుగున ఉన్న మొజాంబిక్ మీద యుద్ధం ప్రకటించకుండా రెనామో అనే తిరుగుబాటు దళాన్ని పోషించింది. 1984 మార్చిలో ఎన్‌కొమాటి ఒప్పందం మీద సంతకం చేసి, ఇక సాయం చేయబోమని చెప్పి, ఆ తర్వాత కూడా చాటుగా సాయం చేస్తూనే వచ్చింది. అక్కడా గొడవకు మూలం సరిహద్దు కాదు. తమ పాలన నుంచి పారిపోయినవారికి పొరుగువాడు చోటిచ్చాడన్నదే ఆ ప్రభుత్వానికి కంటగింపు.

ఈ వాదన మీద మొదటి అభ్యంతరం బలమైనదే. యూనియన్ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుందా? లేదు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు వాళ్లు సరిహద్దు వెంట శిబిరాలు నడిపారు, నిజాం కరోడ్‌గిరీ (సుంకం) నాకాల మీద దాడులు చేశారు, ఉమ్రీలో బ్యాంకును కొల్లగొట్టారు. సరుకులు రానీయకుండా యూనియన్ దిగ్బంధం చేస్తోందని లాయక్ అలీ ప్రభుత్వం చేసిన ఫిర్యాదు కూడా గాలిలోంచి పుట్టింది కాదు. రహస్య యుద్ధం ఒక వైపే జరిగిందని చెప్పడం చరిత్ర కాదు, ప్రచారం. కానీ ఆ శిబిరాల్లో ఎక్కువగా ఉన్నది ఎవరు? నిజాం ప్రజలే. సంస్థానంలో సభ పెట్టుకునే వీలు, పత్రిక నడుపుకునే వీలు ఉంటే వాళ్లలో చాలామందికి గట్టు దాటే అవసరమే వచ్చేది కాదు. కడవెండి కాల్పులు జరిగినప్పుడు దిగ్బంధం లేదు, శిబిరాలు లేవు, అసలు స్వతంత్ర భారతమే లేదు. ముందేది వెనకేది అన్న లెక్క చూస్తే లోపలి హింసే ముందు వస్తుంది.

రెండో అభ్యంతరం నిజాం తరఫుది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజ్వీ చేతిలో బందీ అని, పాపమంతా రజాకార్లదేనని అంటారు. లొంగిపోయాక 1948 సెప్టెంబరు 23న రేడియోలో నిజాం కూడా ఆ అర్థంలోనే మాట్లాడాడు, రజ్వీ ముఠా పద్ధతుల్ని హిట్లర్ పద్ధతులతో పోల్చాడు. ఛత్తారీ ఇంటి ముట్టడి చూస్తే ఇందులో కొంత నిజం ఉన్నట్టే తోస్తుంది. కానీ స్వతంత్రంగా ఉంటామన్న 1947 జూన్ ఫర్మానా నిజాందే. రజాకార్లను నిషేధించమని గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి 1948 ఆగస్టు 31న నేరుగా ఆయనకే రాశారు. అప్పటికి బైరాన్‌పల్లి జరిగి నాలుగు రోజులు, రజాకార్లను విమర్శించిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నడిరోడ్డు మీద చంపి పది రోజులు కూడా కాలేదు. అయినా నిషేధం రాలేదు. భారత సైన్యం వాకిట్లోకి వచ్చాక, సెప్టెంబరు 17న, ఒక్క ప్రకటనతో వచ్చింది. తనకు గండం వచ్చినప్పుడు ఒక్క మాటతో చేయగలిగిన పనిని రైతులకు గండం వచ్చినప్పుడు చేయలేదంటే, దాన్ని బందీ నిస్సహాయత అనలేం. మూక తన పని చేసిపెడుతున్నంత కాలం దానికి బందీగా కనిపించడం పాలకుడికి లాభమే.

మూడోది, ఇదంతా హిందూ ముస్లిం తగవు అన్న మాట. జనగామ చరిత్ర ముందు ఇది నిలవదు. రజాకార్లకు గడిలో చోటిచ్చిన దొరలు హిందువులు. దొరను ఎదిరించి చచ్చిన బందగీ, రజ్వీని ఎదిరించి చచ్చిన షోయబుల్లా, 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకరైన మఖ్దూం, ముస్లిములు. అయినా రజాకార్లు మతం పేరుతోనే మనుషుల్ని పోగేశారు, ఆ రెచ్చగొట్టిన పగ వాళ్లు ఓడిపోయాక అమాయకుల మీద విరుచుకుపడింది. సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజుల్లో ముగిసిన భారత సైనిక చర్య వెనువెంటే, ముఖ్యంగా మరాఠ్వాడాలో, ముస్లిముల మీద మారణకాండ సాగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. రజ్వీ ఉపన్యాసం ఎన్నడూ విననివాళ్లు, రజాకారు బట్ట కట్టనివాళ్లు కూడా ఆ యుద్ధానికి మూల్యం చెల్లించారు. ఇది నా వాదనకు ఎదురు వచ్చే సాక్ష్యం కాదు, దాన్ని ఇంకా చేదుగా రుజువు చేసే సాక్ష్యం.

ప్రకటించని యుద్ధానికి ముగింపులో లెక్క చూసే రోజు ఉండదు. రజ్వీకి శిక్ష పడింది యుద్ధం చేసినందుకు కాదు. సికింద్రాబాదు నుంచి జనగామ వచ్చే రైలుదారిలోని బీబీనగర్ మీద 1948 జనవరిలో జరిగిన దాడిని దోపిడీ కేసు కింద విచారించారు. శిక్ష ముగిశాక 1957లో అతను పాకిస్తాను వెళ్లిపోయాడు. నిజాం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్. ఊళ్లు వదిలి పారిపోయిన దొరల్లో చాలామంది గాంధీ టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు, భూముల కోసం రైతులు 1951 అక్టోబరు దాకా పోరాడుతూనే ఉన్నారు, ఈసారి ఎదుట ఉన్నది భారత సైన్యం. కారణం సూటిగానే ఉంది. యూనియన్ సైన్యం వచ్చింది సరిహద్దు దాటిన యుద్ధాన్ని ఆపడానికి. గడిలో మొదలైన యుద్ధం దాని లెక్కలోకే రాలేదు. కాబట్టి పొరుగు మీద దొంగచాటు దాడులు చేసే ప్రభుత్వాన్ని అంచనా వేయాలనుకునేవారు దాని సైన్యాన్ని, ఒప్పందాలను లెక్కపెట్టే ముందు, దాని పల్లెల్లో పోలీసు ఎవరి పక్కన నిలబడుతున్నాడో చూడాలి. జనగామలో ఆ సంగతి 1946 నాటికే తేలిపోయింది. అది ఢిల్లీ దాకా పోవడానికి మరో రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లూ చచ్చింది ఊళ్లవాళ్లు.