కోతికొమ్మచ్చి మొదటి కొమ్మ

ఊరి నుంచి చుట్టాలొస్తే ముందు మైలాపూరు కపాలీశ్వరుడి గుడికి తీసుకెళ్తాను. దర్శనమయ్యాక మాడవీధిలో వాళ్ల పూలూ కూరల బేరాలు తెమిలేదాకా ఓపిక పట్టి, రామకృష్ణ మఠం రోడ్డు మీదుగా మందవెళ్లి వైపు నడిపిస్తాను. దారిలో పి.ఎస్. హైస్కూలు గేటు దగ్గర ఆపి, "బాపూ రమణల స్నేహం మొదలైంది ఈ బళ్లోనే" అంటాను. ఒక పట్టాన నమ్మరు. వాళ్ల లెక్కలో ఆ ఇద్దరూ గోదారి నీళ్లతోనే తయారైనవాళ్లు.

పుట్టడం అక్కడే, కాదనను. రమణ 1931లో ధవళేశ్వరంలో, బాపు 1933లో నరసాపురంలో. కానీ తండ్రి పోయి, ఇల్లు గడవడం కష్టమై రమణను తీసుకుని తల్లి చేరింది మద్రాసుకే. పి.ఎస్. అంటే పెన్నాత్తూర్ సుబ్రహ్మణ్యం. అచ్చమైన తమిళ పేరు. ఆ బడిలో ఒక గోదావరి కుర్రాడికి ఇంకో గోదావరి కుర్రాడు కనబడితే ఎలా ఉంటుందో, పరాయి భాష నడుమ చదువుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నరసాపురంలోనే కలిసి ఉంటే అంతలా అతుక్కునేవాళ్లా అని నాకెప్పుడూ అనుమానమే.

మధ్యలో రమణ రాజమండ్రి వెళ్లి వీరేశలింగం హైస్కూల్లో కొన్నాళ్లు చదివి, మళ్లీ మద్రాసొచ్చి కేసరి స్కూల్లో చేరాడు. దాని సంగతి వేరే చెప్పాలి. కె.ఎన్. కేసరి అసలు పేరు కోట నరసింహం. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్లూరు నుంచి పేదపిల్లవాడిగా ఈ పట్నం వచ్చి, ఆయుర్వేద వైద్యుడై, ఆడవాళ్ల మందు 'లోధ్ర'తో లక్షలార్జించాడు. 'గృహలక్ష్మి' పత్రిక పెట్టాడు, రచయిత్రులకు స్వర్ణకంకణాలు తొడిగాడు. చదువు కోసం తాను పడ్డ అగచాట్లు మరిచిపోలేదు కాబోలు, తెలుగు పిల్లలకని మైలాపూరులో బడి కట్టించాడు. అప్పట్లో అది అవసరం కూడా. ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి రాజధాని ఇదే. కోర్టులకూ కచేరీలకూ పత్రికలకూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కలే ఉండేవి. లజ్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్. 1937లో కోస్తా, రాయలసీమ పెద్దలు ఒప్పందానికొచ్చింది ఆ ఇంట్లోనే.

1945లో న్యాయపతి రాఘవరావు దంపతులు 'బాల' పత్రిక మొదలుపెట్టారు. రమణ మొదటి కథ 'అమ్మ మాట వినకపోతే' ఆ ఏడే అందులో అచ్చయింది. అప్పటికి పద్నాలుగేళ్లు. తర్వాత తనే 'ఉదయభాను' అని సొంత పత్రిక పెట్టాడు. సంపాదకుడు తను, బొమ్మలు బాపువి. ఆ పద్ధతే చివరిదాకా మారలేదు. ఒకరు రాయడం, ఒకరు గీయడం: బుడుగూ అలాగే, 1967లో 'సాక్షి' నుంచి సినిమాలూ అలాగే. బుడుక్కి ప్రైవేటు మేష్టారంటే ఎందుకంత మంట అని ఎవరైనా అడిగితే నేను ఆ గేటు వైపే చూపిస్తాను. రుజువులేమీ లేవు లెండి, మైలాపూరు వాడి అతిశయం.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి మద్రాసు మనది కాకుండా పోయింది. కేసరిగారూ ఆ ఏడే పోయారు. కచేరీలతోపాటు కుటుంబాలూ కర్నూలుకీ, ఆ తర్వాత హైదరాబాదుకీ తరలాయి. 2006లో తమిళనాడులో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ చట్టమొచ్చింది. అప్పట్నించీ ఇక్కడ తెలుగు బడి నడపడమంటే కోర్టుల చుట్టూ తిరగడం కూడా అయింది.

బాపూ రమణలు మాత్రం ఇల్లు కదల్చలేదు. 2011లో రమణ, 2014లో బాపు ఈ ఊళ్లోనే కన్నుమూశారు. 2013లో బాపుకు పద్మశ్రీ ఇచ్చినప్పుడు జాబితాలో ఆయన పేరు పక్కన రాష్ట్రం తమిళనాడు అని వేశారు. ఊళ్లో మా చుట్టాలు నొచ్చుకున్నారు. మా వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.