దబ్బాకు కోసం ఒక చెట్టు

పలచటి మజ్జిగలో ఉప్పు, అల్లం, నలిపిన రెండు దబ్బాకులు వేసుకోవడం మనవాళ్ళకు పాత అలవాటు. కాయ సంగతి అటుంచి, ఆకు కోసమే చెట్టు పెంచుకున్న ఇళ్ళున్నాయి. ఆకును వెలుతురుకు అడ్డంపెట్టి చూస్తే కనబడే సన్నని చుక్కలు నూనె గ్రంథులు. ఆ వాసనంతా వాటిదే. కరివేప, మారేడు, వెలగ కూడా నిమ్మ కుటుంబానివే.

ఈ జాతి పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయపు దిగువ ప్రాంతమని 2018లో జన్యు పరిశోధకులు తేల్చారు. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో విత్తనాలు కరీబియన్ దీవులకు చేరాయి. చలిదేశాల రాజులు కుండీల్లో పెంచి, శీతకాలంలో లోపల దాచేవారు. వెర్సాయిలో పద్నాలుగో లూయీ అందుకోసం 1680లలో పెద్ద భవనమే కట్టించాడు. అక్టోబరులో కుండీని గరాజ్‌లోకి మోసే మన న్యూజెర్సీ గృహస్థు ఆయనకేం తీసిపోడు!

అయితే అమెరికాలో పెరటి చెట్టు చరిత్ర ఇంత ముచ్చటైనది కాదు. మన రైతులు గజ్జి తెగులు అనే కాంకర్, 1910 ప్రాంతంలో విదేశీ మొక్కలతో ఫ్లోరిడాకు వచ్చింది. 1933 నాటికి దాన్ని నిర్మూలించామన్నారు. 1995లో మయామీ విమానాశ్రయం దగ్గరి ఇళ్ళ పెరళ్ళలో మళ్ళీ కనబడింది. 2000 నుంచి, తెగులున్న చెట్టుకు 1,900 అడుగుల లోపలి నిమ్మజాతి చెట్లన్నీ, ఆరోగ్యంగా ఉన్నవి కూడా, నరకాలన్నారు. తోటల కోసం పెరళ్ళను బలిపెట్టడమేమిటని ఇంటివాళ్ళు కోర్టుకెక్కారు. 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఇంతలో 2004, 2005 తుఫానులు తెగులును ఊరూరా వెదజల్లాయి. 2006 జనవరిలో నిర్మూలన అసాధ్యమని కేంద్ర వ్యవసాయశాఖే చేతులెత్తేసింది. తోటల్లోనూ పెరళ్ళలోనూ నరికిన లక్షల చెట్లు మాత్రం తిరిగి రాలేదు.

ఆ లోపే మరో ముప్పు వచ్చింది. సిల్లిడ్ అనే చిన్న పురుగు 1998లో ఫ్లోరిడాలో కనబడింది. అది మోసే గ్రీనింగ్ జబ్బు 2005లో అక్కడ, 2012లో లాస్ ఏంజిలస్ దగ్గర హసియెండా హైట్స్‌లో ఒక ఇంటి పెరటి చెట్టులో బయటపడింది. ఈ జబ్బుకు మందు లేదు. సిల్లిడ్‌కు కరివేపాకన్నా ఇష్టమే. కరివేపకు గ్రీనింగ్ రాదు గాని, మొక్కతోపాటు పురుగు ప్రయాణం చేస్తుంది. ఇండియా నుంచి పచ్చి కరివేపాకు, దబ్బాకు సూట్‌కేసులో తేకూడదన్న నిబంధన వెనుక ఉన్నది ఈ చరిత్రే. విమానాశ్రయంలో విసుక్కునే ముందు మయామీ పెరళ్ళను తలచుకోవాలి.

ఆకు కోరేవాళ్ళకు ఒక సౌలభ్యముంది. గింజ నాటిన మొక్క కాపుకు ఏళ్ళు పడుతుంది, ముళ్ళూ ఎక్కువే, కాని ఆకుకు అంత నిరీక్షణ అక్కరలేదు. దుకాణంలో కొన్న కాయ గింజైనా ఎండ తగిలే కిటికీ దగ్గర మొలుస్తుంది. అంటుమొక్క కావాలంటే లైసెన్సున్న నర్సరీలోనే కొనాలి. స్నేహితుల పెరటినుంచి కొమ్మ తెచ్చి అంటుకట్టకూడదు. క్వారంటైన్ ప్రాంతంనుంచి ఇల్లు మారేవారు ఆ కుండీని పొరుగింటికి అప్పగించి రావలసిందే.